ఆ శనివారం రాత్రి వేసిన సినిమా

2004 మార్చి 13, శనివారం. తెల్లారితే స్పెయిన్‌లో ఎన్నికలు. ప్రభుత్వ టీవీ అయిన టీవీఈ ఆ రాత్రి వేయాల్సిన 'షేక్‌స్పియర్ ఇన్ లవ్' తీసేసి ఒక డాక్యుమెంటరీ వేసింది. పేరు 'అసెసినాతో ఎన్ ఫెబ్రెరో', అంటే 'ఫిబ్రవరిలో హత్య'. 2000లో బాస్క్ సాయుధ సంస్థ ఈటీఏ కారుబాంబుతో చంపిన సోషలిస్టు నాయకుడు ఫెర్నాందో బుయెసా, ఆయన అంగరక్షకుడి కథ అది.

సినిమా మంచిదే. ఎతెరియో ఒర్తేగా 2001లో తీశాడు. పోయినవాళ్ళ గురించి ఇంటివాళ్ళు, స్నేహితులు మాట్లాడతారు. నాకందులో అబద్ధమేమీ కనిపించలేదు. మరి ఆ రాత్రి అది అబద్ధమెలా అయింది?

రెండు రోజుల ముందు, గురువారం పొద్దున, మాడ్రిడ్ లోకల్ రైళ్ళలో పది బాంబులు పేలి 190 మందికి పైగా చనిపోయారు. ఇది ఈటీఏ పనే, అనుమానం లేదన్నాడు హోంమంత్రి అసేబెస్. ప్రధాని అస్నార్ స్వయంగా పత్రికల ఎడిటర్లకి ఫోన్లు చేశాడు. ఈలోగా ఒక వ్యానులో డిటొనేటర్లతో పాటు ఖురాన్ పఠనం ఉన్న టేపు దొరికింది. ఇరాక్ యుద్ధాన్ని సమర్థించిన ప్రభుత్వానికి, బాంబు ఎవరిదన్నది ఓట్ల ప్రశ్న కూడా.

ఊహాగానాలంటే జనం చేసేవనుకుంటాం. ఆ శనివారం జనం ఎస్సెమ్మెస్‌లు పంపుకుని, పాలకపక్షం ఆఫీసు ముందు చేరి, నిజం చెప్పమని అరిచారు. వాళ్ళు అన్నది అందరికీ వినిపించింది, తప్పయితే తప్పని చెప్పొచ్చు. టీవీ చేసిన ఊహలో మాటే లేదు. మాట లేనిదాన్ని ఎలా ఖండిస్తాం? 'బాధితులని తలుచుకున్నాం, తప్పా?' అంటే ఏం చెప్తాం?

టీవీఈకి ఈ విద్య కొత్త కాదు. 2002 సార్వత్రిక సమ్మె వార్తల్లో కార్మికుల హక్కుల్ని ఉల్లంఘించిందని 2003లో కోర్టు తప్పుపట్టింది. ఆ సంగతి టీవీలో చెప్పాల్సి వచ్చినప్పుడు న్యూస్ డైరెక్టర్ ఉర్దాసి, అందరూ 'కొమిసియోనెస్ ఒబ్రేరాస్' అనే యూనియన్ పేరుని 'సే సే ఓ ఓ' అని పొడి అక్షరాలుగా చదివేశాడు. అక్షరం తప్పలేదు, అర్థమే మిగల్లేదు.

జనం అనుమానించిందే చివరికి నిజమైంది. అలాగని దాన్ని నెత్తిన పెట్టుకోలేను. ఆ సాయంత్రమే ముగ్గురు మొరాకన్లని, ఇద్దరు భారతీయుల్ని అరెస్టు చేశామని అసేబెస్ ప్రకటించాడు. మనవాళ్ళిద్దర్నీ తర్వాత వదిలేశారు. దారి సరైనదే అయినా మధ్యలో ఎవరో ఒకరు నలుగుతారు. అందుకే 'ఇంకా తెలీదు' అనగలిగే గొంతు ఒకటి కావాలి. జనం డబ్బుతో నడిచే టీవీ ఉన్నది అందుకే.

ప్రభుత్వం మారాక, 2006 చట్టంతో ఆ సంస్థ అధ్యక్షుణ్ణి పార్లమెంటు మూడింట రెండొంతుల ఓట్లతో ఎన్నుకోవాలన్నారు. మంచిదే. కానీ నాకు గుర్తుండేది ఆ సినిమాలో మాట్లాడినవాళ్ళు. తమవాళ్ళని తలుచుకోడానికి కూర్చున్నారు వాళ్ళు. ఇంకెవరి చావుకో సాక్ష్యం చెప్పడానికి కాదు.