ఘటోత్కచుని కొలువున శబ్దవిచారము

రాక్షసుఁడు రౌద్రమునకో భయానకమునకో ఆలంబనమని లాక్షణికుల మతము. కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున 1957 లో వెలువడిన ‘మాయాబజార్’ చలనచిత్రమున వాఁడు హాస్యమునకు ఆలంబన మైనాఁడు. దీనికి ఎస్. వి. రంగారావుగారి విగ్రహమును, ఛాయాగ్రహణచమత్కారములును మాత్రమే కారణములనుట చాలదు. పింగళి నాగేంద్రరావుగారు వ్రాసిన సంభాషణములలో రాక్షసులు కోఱలతోఁ గాక సంస్కృతపదములతో మనల నవ్వింతురు.

‘అసమదీయులు’, ‘తసమదీయులు’ అను జంటను పరిశీలింతము. రెండును ఒకే తీరు తప్పులని పలువురు తలంతురు, అది సరికాదు. మొదటిది సంయుక్తాక్షరమునకు నోరు తిరుగక ‘అస్మదీయ’ శబ్దమును విఱిచి పలుకుట. మహాభాష్యమున ఌకారోపదేశచర్చయందు ‘ఋతక’ యనలేక ‘ఌతక’ యన్నదాని యనుకరణము ప్రసక్తమైనది గదా. ఇదియు నట్టి అశక్తిజానుకరణమే. కరీంనగర, ఆదిలాబాదు ప్రాంతముల చిందు యక్షగానములు చూచినవారికి హాస్యగాఁడు ప్రౌఢపదమును విఱుచుట క్రొత్త గాదు.

రెండవది వేఱు. అస్మచ్ఛబ్దముపై ఛప్రత్యయము వచ్చి ‘అస్మదీయ’ యైనట్లే, తచ్ఛబ్దముపై వచ్చి ‘తదీయ’ యగును. ‘స్మ’ కచ్చటఁ దావే లేదు. రాక్షసుఁడు ‘అ’ను మాత్రము ప్రకృతిగా నెంచి, దాని స్థానమున ‘త’ను నిలిపినాఁడు. ఇది నోటిదోషము గాదు, బుద్ధి కల్పించిన వ్యాకరణము. ఎవ్వరును పుట్టింపనిచో మాటలెట్లు పుట్టునను ఘటోత్కచుని సమర్థనముతో పరిహాసము రాక్షసులను విడిచి మనబోఁటి వైయాకరణులపైకి మరలినది. నాకు చిత్రమంతటను ఈ ఘట్టమే ప్రియము.

2008 లో సింగీతం శ్రీనివాసరావుగారు ఘటోత్కచునే కదలెడి బొమ్మల చిత్రమునకు నాయకునిఁ జేసిరి. వారు కె. వి. రెడ్డిగారి వద్దఁ బని నేర్చినవారే. అయినను పలు భాషల బాలురకై తీసిన బొమ్మకు ఒక భాషలోని శబ్దభ్రంశము ఆధారము గాఁజాలదు, ఆకారమే యాధారము.

‘మాయాబజార్’ 2010 లో రంగులు కూర్చుకొని మరల విడుదలైనందున నేఁటి విద్యార్థులును దాని నెఱుఁగుదురు. చిక్కు వేఱొకచోట నున్నది. వార్తాపత్రికలు రాజకీయపక్షములఁ గూర్చి ‘అస్మదీయులు, తస్మదీయులు’ అని వ్రాయుచున్నవి. అనఁగా రాక్షసుని మాటకు సంయుక్తాక్షరమును మరలఁ జేర్చి తత్సమవేషము వేసిరి! విద్యార్థి దీనిని పాణినీయమని నమ్మెనేని హాస్యము పోవును, దోషము నిలుచును. పాఠశాలాపండితులు దానిని ఎఱ్ఱసిరాతోఁ గొట్టివేసి యూరకుండరాదు. ఆ ఘట్టమును చూపి, నవ్విన పిదప నల్లబల్లపై ‘యుష్మదీయ’, ‘తదీయ’ రూపములను సాధించి చూపవలయును.