యంత్రమునకు సొగసు

వస్తువునకు అందముండుట దోషము కాదు. అందమే వస్తువని భ్రమించుట దోషము. కంప్యూటరు కొనబోవు మన గృహస్థులు అంగడిలో మొదట అడుగు ప్రశ్నలను విన్నచో ఈ భ్రమ యెంతవరకు పాకినదో తేటపడును. ఎంత పలుచన? ఏ రంగు? మూతమీద ఏ గుర్తు? ఈ మూడును తీరిన పిమ్మట గాని, దానితో ఇంటిలో ఎవరు ఏ పని చేయవలసియున్నారను మాట జ్ఞప్తికి రాదు.

ఈ వేడుకకు ఒక చరిత్ర కలదు. 1998కి పూర్వము ఇండ్లలోని కంప్యూటరు సాధారణముగా మాసిన గోధుమవన్నె పెట్టె. ఆ సంవత్సరము ఆపిల్ సంస్థ ఐమాక్ అను యంత్రమును, లోపలి భాగములు మసకగా కానవచ్చు నీలిరంగు తొడుగుతో వెలువరించెను. 1999లో పండ్ల పేర్లు పెట్టి అయిదు రంగులలో అమ్మెను. న్యాయముగా విచారించినచో ఆ సొగసు వలన మేలును కలిగినది. యంత్రమనిన బెదరువారు దానిని తాకుటకు సాహసించిరి. కాని దానితో వచ్చిన మౌసు గుండ్రని బిళ్ల. చూచుటకు ముద్దు, పట్టుకొన్నచో ఏది ముందో ఏది వెనుకో చేతికి తెలియదు. కంటి ముచ్చటకై చేయి కష్టపడవలసివచ్చెను. 2000లో అదే సంస్థ క్యూబ్ అను యంత్రమును స్ఫటికపు గూటిలో నిలిపినట్లు తీర్చెను. న్యూయార్కులోని ఆధునిక కళాప్రదర్శనశాల దానిని తన సంగ్రహమున చేర్చుకొన్నది. కొనువారు చాలక సంస్థ 2001లో దాని నిర్మాణమును నిలిపివేసెను. 2008లో స్టీవ్ జాబ్స్ మాక్‌బుక్ ఎయిర్ అను యంత్రమును కాగితపు కవరులోనుండి తీసి చూపగా సభ చప్పట్లు కొట్టెను. ఆ పలుచదనము కొరకు మెమొరీని లోపలి పలకకు అతికివేసిరనియు, కొన్నవాడు తరువాత పెంచుకొనుటకు వీలులేదనియు ఎందరు గమనించిరి? నాటినుండి అనేక సంస్థలు ఆ మార్గముననే నడచుచున్నవి.

పనికిని అందమునకును గల సంబంధమును తెలిసికొనుటకు మనము సముద్రములు దాటనక్కరలేదు. కడప జిల్లాలో జమ్మలమడుగునకు సమీపమున గండికోట కలదు. పెన్నానది ఎర్రమల కొండలను చీల్చిన గండిని చూచుటకు వచ్చు జనులలో పలువురు గండికి వీపు త్రిప్పి, చేతిలోని ఫోనులో తమ ముఖమునే చూచుకొనుచుందురు. వారు కోటలోని ధాన్యాగారమును ఒక్కసారి పరిశీలించినచో మేలు. మందమైన గోడలు, ఎత్తైన కమాను కప్పు. ధాన్యమును కాపాడుటయే దాని పని; ఆ పనియే దానికి ఆకారమును, ఆ యాకారమే దానికి గాంభీర్యమును ఇచ్చినవి. అందమును వేరుగా తెచ్చి పైన అతికింపలేదు.

ఆ కోటలోనే యంత్రవ్యామోహపు కథయు ఒకటి నడచినది. గండికోటను జయించిన గోలకొండ మంత్రి మీర్ జుమ్లాను ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే 1652లో అచ్చట దర్శించెను. మాయే అను ఫ్రెంచివానిచేత 20 ఫిరంగులు పోయింపదలచి, మీర్ జుమ్లా దేవాలయముల రాగివిగ్రహములను కరగించుటకు తెప్పించెననియు, ఒక ఫిరంగి పగిలి, మరియొకటి అసంపూర్ణమై, తుదకు ఒక్కటియు కుదురలేదనియు ఆ వర్తకుడు వ్రాసినాడు. జనులకు పూజ్యమైనది పోయెను. ప్రభువునకు కావలసినది రాలేదు.

అయినను మీర్ జుమ్లా మనకంటె ఒకందుకు మేలు. అతడు కోరినది పని. ఫిరంగి పగిలినచో పగిలినదని అందరును ఎరిగిరి. పోసినవాడు కొలువు విడిచిపోయెను. ముందుగదిలో మెరయుటకై కొన్న కంప్యూటరో, ఎన్నటికిని ఓడదు. దానికి ఒప్పగించిన పని మెరయుటయే గదా! తెరువకున్నను మెరయును. కావున అమ్మినవానిని నిలదీయువాడు లేడు. కొన్నవానికి సిగ్గు లేదు. శోభకొరకు కొనుటలోని అసలు హాని ఇదియే: వస్తువు విఫలమైనదని తేల్చుటకు కొలతయే మిగులదు.

ఈ హాని ధనముతో తీరిపోవునది కాదు. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటు రాయలసీమలో, లోపల పంకా లేని మిక్కిలి పలుచని యంత్రము వేడెక్కినకొలది తన వేగమును తానే తగ్గించుకొనును. కాస్త లావైనను పంకా గలిగి, విప్పి బాగుచేయదగిన యంత్రము ఇంటికి ఎక్కువ కాలము ఉపకరించును. ఇంతకంటె శోచనీయము కొన్ని యిండ్లలోని పంపకము. కుమారునకు ఏటేట క్రొత్త మెరుపు. పరీక్షకు చదువుకొను కుమార్తెకు తెర చిట్లిన పాత ఫోను. అల్లునికి కానుకగా వెండిరంగు ల్యాప్‌టాపు. దానితో పని నేర్చి సంపాదింపగల కూతురికి దానిని తెరచు తీరిక యైన నుండదు. అలంకారముగా కొన్న వస్తువు గౌరవము చూపవలసినవారికి పోవును గాని పనిగలవారికి పోదు.

చదువరులారా, సొగసును వెలివేయుడని నేను చెప్పుట లేదు. వికారమైన వస్తువును ఇంట నిలుపుకొనుట సంస్కారమునకు గురుతు కాదు. ప్రశ్నల వరుసను మార్చుడని మాత్రమే కోరుచున్నాను. ఎవరి పనికి? ఎన్నేండ్లు మన్నును? చెడినచో జమ్మలమడుగులోనో ప్రొద్దుటూరిలోనో విప్పి బాగుచేయగలరా? మెమొరీ పెంచుకొనవచ్చునా? వీనికి సరియైన జవాబు దొరికిన తరువాత రంగు మీ యిష్టము. ఆ రంగును ఎంచునప్పుడైనను, యంత్రముమీద పనిచేయబోవు పిల్లనే పిలిచి అడుగుడు.