ఎగురుటకు ఎంత పరిమాణము తగును?
హాల్డేన్ వ్యాసముపై ఒక విమర్శ

జె. బి. ఎస్. హాల్డేన్ 1926లో జంతువుల పరిమాణమును గూర్చి ఆంగ్లమున ఒక చిన్న వ్యాసము ప్రకటించెను. 1957లో భారతదేశమునకు వచ్చి, 1964లో భువనేశ్వరమున కన్నుమూసిన ఈ శాస్త్రజ్ఞుని రచన నేటికిని తరగతిలో చదివి వినిపింపదగినది. అయితే ఎగురుటను గూర్చి అందు చెప్పినది ఎంతవరకు చెల్లునో విచారింతము.

విమానమును గూర్చి ఆయన వేసిన లెక్కను పావురమునకు అన్వయింతము. ఆకారము మారకుండ దాని పొడవును 4 రెట్లు పెంచినచో రెక్కల వైశాల్యము 16 రెట్లు, బరువు 64 రెట్లు అగును. అనగా రెక్కలోని ప్రతి చదరపు సెంటీమీటరును మునుపటికంటె 4 రెట్ల బరువు మోయవలెను. గాలి రెక్కను పైకెత్తు బలమునకు ఉత్థాపక బలమని పేరు. అది వేగము యొక్క వర్గమును అనుసరించి పెరుగును గనుక, ఆ పక్షి రెండింతల వేగముతో ఎగురవలెను. అందుకు 128 రెట్ల సామర్థ్యము కావలెను. కండరములు మాత్రము 64 రెట్లే పెరిగినవి! మనుష్యాకారముగల దేవదూత ఎగురవలెనన్న, కండరములకై రొమ్ము నాలుగడుగులు ముందుకు పొడుచుకొని రావలెనని హాల్డేన్ చమత్కరించెను. నేడు ఎగురు పక్షులలో మిక్కిలి బరువైన బట్టమేక జాతి పక్షులు సుమారు 20 కిలోగ్రాముల వద్దనే ఆగిపోవుట ఈ వాదమునకు బలము.

ఇక లోపము. ఈ లెక్క ఎంత ఉత్థాపక బలము కావలెనో చెప్పును. అది ఎట్లు పుట్టునో చెప్పదు. వ్యాసము ఈ భేదమును ఎత్తిచూపలేదు. అందుచే పావురపు రెక్కను కుదించినచో తుమ్మెద రెక్క యగునని విద్యార్థి భ్రమపడవచ్చును. విమానపు రెక్క సూత్రములను కీటకములకు అన్వయింపగా, అవి ఎగురుట అసాధ్యమని తేలినదని 1934లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మాన్యాన్ వ్రాసెను. తుమ్మెద మాత్రము ఎగురుచునే యున్నది. కదలక నిలిచిన రెక్క సూత్రమును ఆడుచున్న రెక్కకు తగిలించుటయే ఇక్కడి పొరపాటు.

1973లో వైస్-ఫో ఒక మిల్లీమీటరు పొడవైనను లేని కందిరీగ జాతి పురుగును పరిశీలించెను. అది రెక్కలను వీపుపై చప్పట్లవలె చేర్చి, పుస్తకము తెరచినట్లు విడదీయును. ఆ సందులోనికి గాలి చొరబడుటతో ఉత్థాపక బలము వెంటనే పుట్టును. 1996లో ఎల్లింగ్టన్, ఆయన సహచరులు పొగ సాయమున మరియొక సంగతి కనుగొనిరి. పెద్ద చిమ్మట రెక్కను క్రిందికి కొట్టునప్పుడు ముందంచు వెంబడి ఒక గాలిసుడి ఏర్పడి రెక్కను అంటియుండును. ఆ సుడి రెక్కపైభాగమున పీడనమును తగ్గించును. అందుచే ఉత్థాపక బలము హెచ్చును.

కావున హాల్డేన్ లెక్కను విడువనక్కరలేదు. ఉపాధ్యాయులు దానిని నల్లబల్లపై వేసి, ఆ పిదప ఒక్క ప్రశ్న అడిగిన చాలును: “ఇంత బలము కావలెనని తెలిసినది, ఈ ప్రాణి దానిని ఎట్లు సంపాదించుచున్నది?” వ్యాసము ముగిసిన చోట పాఠము అచ్చటినుండి సాగవలెను.