ఖాళీ గుల్ల బయటపడాలి

ఆయుధాల మాట వస్తే మన నిజామాబాద్ జిల్లావాళ్లం కోనసముద్రం పేరు చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. కమ్మర్‌పల్లి దగ్గరి ఆ ఊళ్లో కమ్మరులు మట్టిమూసల్లో ఇనుము కరిగించి తీసిన ఉక్కు కోసం పారసీక వర్తకులు వెతుక్కుంటూ వచ్చేవారు. వోయ్‌సీ అనే ఇంగ్లిషు వైద్యుడు ఆ పని కళ్లారా చూసి రాసిన వివరం 1832లో అచ్చయింది. కత్తికి ఆ ఉక్కే ప్రాణం. ఆటోమేటిక్ తుపాకీ సంగతి వేరు. అది ముందు యంత్రం, ఆ తర్వాతే ఆయుధం. దాని మంచిచెడ్డలు లోహం ఒక్కదానితో తేలవు, ఎంత వేగంగా కాలుస్తుందన్న లెక్కతో అసలే తేలవు. 1884 నాటి మాక్సిమ్ మెషిన్‌గన్ నిమిషానికి దాదాపు 600 తూటాలు పేల్చేది. ఆరు దశాబ్దాల తర్వాత వచ్చిన ఏకే-47 వేగమూ ఇంచుమించు అంతే. మరి మెరుగుపడిందేమిటి? పేలిన తూటా తాలూకు ఖాళీ గుల్ల బయటపడి, కొత్త తూటా లోపలికి చేరే దారి మెరుగుపడింది. నా దృష్టిలో అసలు పనితనం అక్కడే ఉంది.

బోధన్ చెరకు ప్రాంతంవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. రోలర్ల మధ్య నుంచి పిప్పి పోతేనే వెనకాల చెరకుకు చోటు. ఒక్కచోట ఇరుక్కుంటే మిల్లంతా ఆగుతుంది. తుపాకీలో ఆ పని సెకనుకు పదిసార్లు, వేడిలో, మసిలో జరగాలి. వియత్నాం యుద్ధంలో అమెరికా ఎం-16 రైఫిళ్లు మొరాయించింది ఇక్కడే. తూటాలో మందు రకం మార్చారు, తూటా కూర్చునే చాంబర్‌కు క్రోమ్ పూత వేయలేదు, తుడుచుకునే సామాను సైనికులకు సరిగా ఇవ్వలేదు. గుల్లలు చాంబర్‌లోనే పట్టేశాయి. 1967లో అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం విచారణ జరిపింది. దిద్దుబాటు కోసం కొత్త తుపాకీ కనిపెట్టలేదు. పూత వేశారు, సామాను ఇచ్చారు, వాడకం నేర్పారు. ఏకే-47లో గుల్లను కొద్దిగా వాలుగా చేసి, కదిలే భాగాల మధ్య సందు వదిలారు. అది బురదలోనూ పనిచేయడానికి ఇవి పెద్ద కారణాలు. కొత్త తూటా వచ్చే దారీ అంతే కీలకం: మన ఇన్సాస్ రైఫిల్‌పై 1999 కార్గిల్ యుద్ధంలో వచ్చిన ఫిర్యాదుల్లో ఒకటి, చలికి ప్లాస్టిక్ మ్యాగజైన్ పగలడం.

సందు వదిలితే గురి తప్పదా అంటారు. కొంత తప్పుతుంది, ఒప్పుకోవాలి. కానీ గురి ఎంత కుదిరినా, పేలని తుపాకీతో ఆ గురి ఎందుకు? తూటాల వృథాను అరికట్టే కొత్త ఏర్పాట్లు మెరుగుదల కాదా అనీ అడగవచ్చు. ట్రిగ్గర్ నొక్కితే మూడే తూటాలు పేలే పద్ధతి ఇన్సాస్‌లోనూ, ఎం-16ఏ2లోనూ పెట్టారు. దానివల్ల లోపల భాగాలు పెరిగాయి. అమెరికా సైన్యం తర్వాత ఎం4ఏ1తో ఆ పద్ధతిని వదిలేసింది. ఇక, ప్రాణం తీసే యంత్రంపై ఇంత శ్రద్ధ తగునా అన్న ప్రశ్న అన్నిటికన్నా బరువైనది. యుద్ధాన్ని నేను మెచ్చుకోను. అయినా మొరాయించిన తుపాకీ ముందు బలిగొనేది దాన్ని పట్టుకున్న జవానునే, ఆ జవానుల్లో మన పల్లెల పిల్లలూ ఉన్నారు.

ఇలాంటి పనితనం మన దగ్గరా ఉంది. 2024 జనవరిలో ఆవిష్కరించిన ఉగ్రం రైఫిల్‌ను డీఆర్‌డీవోతో కలిసి రూపొందించింది హైదరాబాద్‌లోని ద్వీప ఆర్మర్ సంస్థ. అస్మి మెషిన్ పిస్టల్‌ను తయారుచేస్తున్న లోకేశ్ మెషీన్స్ కూడా అక్కడిదే, సీఎన్‌సీ యంత్రాలు చేసే సంస్థ. యంత్రాలు చేసే యంత్రాలు తెలిసినవాళ్లే తుపాకీ దాకా రావడం నాకు సహజంగా తోస్తుంది. మైక్రాన్లలో కొలవగల చెయ్యి లేకుండా మంచి డిజైన్ కాగితం మీదే ఉండిపోతుంది. యంత్రాలు తెలిసిన చేతులు మన జిల్లాలోనూ ఉండేవి. బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ 2015లో మూతపడినప్పుడు చెరకు రైతు కష్టం గురించి రాశాం, మాట్లాడాం. ఫిట్టర్లు, టర్నర్ల చేతిపని చెల్లాచెదురవడం గురించి దాదాపు ఎవరూ మాట్లాడలేదు. ఫ్యాక్టరీ తెరిపిస్తామనే నాయకులకు నా విన్నపం ఒకటే: క్రషింగ్ లెక్కలతో పాటు వర్క్‌షాపునూ లెక్కలోకి తీసుకోండి. మన జిల్లా ఐటీఐల్లో మంచి లేథ్‌లు, నికరమైన కొలత పరికరాలు, వాటిపై నేర్పగల పాత ఫిట్టర్లు ఉండేలా చూడండి.