కారుకున్న నోరు

ఫైటింగు సినిమాలంటే మగపిల్లల వ్యవహారమనీ, వాటిలో రాకెట్లూ రోబోట్లూ కూడా చేరితే ఆడవాళ్ళు నిశ్చింతగా లేచి వంటింట్లోకి వెళ్ళిపోవచ్చుననీ మన ఇళ్ళలో ఓ అభిప్రాయం పాతుకుపోయి ఉంది. "నీకర్థం కాదులే అమ్మా, సైన్సు" అంటారు పిల్లలు. వాళ్ళకేదో అర్థమైపోయినట్టు!

ఈమధ్య కొత్తవీ పాతవీ కలిపి ఓ అరడజను అలాంటి బొమ్మలు వరసబెట్టి చూశాను. చూస్తూంటే నాకొకటి తోచింది. ఆ పొగా, ఆ మంటా, ఆ ఇనుప చప్పుళ్ళూ కాసేపు పక్కకి నెట్టి చూడండి. కథ నడిమధ్య ఎవరుంటారు? నెలలు నిండుతున్న ఓ మనిషి. లేదా ఓ పసిపిల్లా, ఆ పిల్లని చంకనేసుకుని పరుగెత్తే ఓ ఇల్లాలూ. లోకం మునిగిపోతోందని అంతమంది అన్ని తుపాకులు పట్టుకుని పడేది ఆవిడ వెనకే. మరి ఇది మన వ్యవహారం కాకుండా ఎలా పోతుందండీ?

ముందుగా మన 'కల్కి 2898 ఏడీ' సంగతి. నాగ్ అశ్విన్ తీసిన ఈ సినిమా 2024 జూన్ 27న విడుదలైంది. ఖర్చు దాదాపు 600 కోట్లని పత్రికలు రాశాయి. దుబారా అని నేననను. గంగ ఎండిపోయిన కాశీని చూపించారు చూడండి, అది చూస్తే ఒంట్లో ఏదోలా అవుతుంది. ఆ ఊరి నెత్తిమీద తలకిందులుగా నిలిచిన పిరమిడ్ లాంటి కట్టడం, దాని పేరు కాంప్లెక్స్. నీళ్ళూ పచ్చదనమూ అన్నీ అందులో ఉన్నవాళ్ళకే. కింద ఉన్నవాళ్ళకి దుమ్ము. ఇందులో అర్థం కాకపోవడానికేముంది? వేసవిలో నీళ్ళ ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టినవాళ్ళెవరికైనా ఈ సైన్సు తెలుస్తుంది. ఎనభై దాటిన అమితాబ్ బచ్చన్ అశ్వత్థామగా లేచి నిలబడితే, ఆ తలకట్టూ, నుదుటి గాయానికి చుట్టిన గుడ్డా చూసి నేను కూడా సోఫాలో కాస్త సర్దుకుని కూర్చున్నాను. ప్రభాస్ వేసిన భైరవ మటుకు మొదటి గంటంతా సరదాలతోనే గడిపాడు. అక్కడ కత్తెర వేసి ఉంటే ఎవరూ ఏడ్చేవారు కారు.

అసలు కథ ఏమిటంటే, కాంప్లెక్స్‌ని ఏలే సుప్రీం యాస్కిన్ అనేవాడు ఎండి వరుగైపోయి ఉంటాడు. కమల్ హాసన్ వేశాడు. వాడికి ప్రాణం పోసే మందు గర్భవతుల్లోంచి తియ్యాలి. అందుకోసం ఆడపిల్లల్ని పట్టుకొచ్చి, కొలిచి, నంబర్లు వేసి, వాళ్ళకి కడుపులు తెప్పిస్తూ ఉంటారు. అలాంటి పిల్లల్లో ఒకతె దీపికా పదుకొనే. పేరు లేదు, సమ్-80 అని నంబరు. తరవాత అదే సుమతి అవుతుంది. ఆమె కడుపులో పడ్డది సాక్షాత్తూ కల్కి.

ఎంత పదునైన ఊహో చూడండి! ఆడవాళ్ళ గర్భాన్ని ఓ ఫ్యాక్టరీ చేస్తే ఎలా ఉంటుందన్నది వొట్టి కల్పనగా నాకు కనిపించలేదు. పిల్లలు పుట్టలేదని ఒకర్నీ, ఆడపిల్లలే పుట్టారని ఇంకొకర్నీ నానా మాటలూ అన్న ఇళ్ళు మనకి తెలియవా? ఇంత ఊహించిన సినిమా, ఆ పిల్ల నోరు విప్పితే ఏమంటుందో వినిపిస్తుందేమోనని మూడు గంటలూ కాచుక్కూర్చున్నాను. ఆవిడ భయపడుతుంది, పరుగెత్తుతుంది, కన్నీళ్ళు పెట్టుకుంటుంది. మంటల్లోంచి నడిచొస్తుంది. ఆ దృశ్యం అందంగా ఉంది, కాదనను. కానీ మాటలేవి?

ఇదే సినిమాలో భైరవకి ఓ కారుంది. పేరు బుజ్జి. దానికి గొంతు కీర్తి సురేష్‌ది. ఆ బుజ్జి దెప్పుతుంది, అలుగుతుంది, యజమానికి సలహాలు చెబుతుంది, అతగాడి బడాయిని వేళాకోళం చేస్తుంది. సినిమా రాకముందే దాన్ని హైదరాబాదులో పెద్ద సభ పెట్టి జనానికి పరిచయం చేశారు. సుమారు 6 టన్నుల బండిని నిజంగానే కట్టించి ఊరూరా తిప్పారు. చాలదన్నట్టు బుజ్జి, భైరవల మీద రెండు భాగాల బొమ్మల కథ కూడా విడిగా వచ్చింది. నాకు బుజ్జి మీద కోపం లేదు, ముద్దుగానే ఉంది. కానీ లోకాన్ని ఉద్ధరించబోయేవాణ్ణి మోస్తున్న తల్లికన్నా, మూడు చక్రాల బండికి ఎక్కువ మాటలు రాశారంటే ఏమనుకోవాలి? కారుకి స్వభావం ఉంది. సుమతికి కడుపుంది.

పేరు చూడండి మళ్ళీ, సుమతి! మన కథల్లో సుమతి ఎవరు? భర్త కౌశికుడు తెల్లవారితే చచ్చిపోతాడని శాపమిస్తే, అయితే తెల్లవారనే వద్దు పొమ్మని సూర్యుణ్ణి ఆపేసిన మనిషి. ఆవిడకున్న ఆయుధమల్లా నోటిమాటే. ఆ పేరు పెట్టి ఈ పిల్లకి మౌనం ఇచ్చారు.

ఇంకో సంగతి. సినిమా మొదలయ్యేది కురుక్షేత్రంలో. ఉత్తర గర్భం మీదికి అశ్వత్థామ అస్త్రం వేయడం, కృష్ణుడి శాపం, కలియుగాంతంలో కల్కి తల్లికి కాపలా కాసే బాధ్యత, ఇదీ వరస. గర్భాన్ని చంపబోయినవాడే గర్భానికి కావలివాడు కావడం గొప్ప ఎత్తుగడ. దర్శకుణ్ణి మెచ్చుకోవలసింది ఇక్కడే. అయితే భాగవతంలో ఇదే ఘట్టం ఉంది కదా, మన పోతన తెలుగు చేసినదే. అక్కడ ఉత్తర ఊరుకోదు. కృష్ణుడి దగ్గరకి పరుగెత్తుకొచ్చి, ఆ బాణం నన్ను కాల్చినా ఫరవాలేదు, నా కడుపులో పిల్లవాణ్ణి మటుకు కాపాడమని తనే అడుగుతుంది. అంతకుముందు ద్రౌపదిని చూడండి. నిద్రపోతున్న అయిదుగురు కొడుకుల్నీ చంపిన అశ్వత్థామని కట్టేసి తెచ్చి ఎదుట పడేస్తే, వదిలెయ్యమంటుంది. ఎందుకూ? నేను ఏడుస్తున్నట్టు వీడి తల్లి కృపి ఏడవకూడదు అని! కడుపుకోత తెలిసినవాళ్ళు తప్ప ఇంకెవరూ అనలేని మాట అది. 600 కోట్ల సినిమాలో దానికి సాటి వచ్చే మాట ఒక్కటి లేదు. ఉత్తర కడుపు మీద బాణం వేసినవాడు సుమతి పక్కనే నిలబడ్డాడు. "అప్పుడు ఆ పసివాడేం చేశాడయ్యా నిన్ను?" అని ఆమె అడగదు. ఆ ప్రశ్నే సినిమాలో రాలేదు.

మరి పైదేశం వాళ్ళేదో ఉద్ధరించారా అంటారేమో. అన్నీ కాదు గాని, 1984లో వచ్చిన 'ది టెర్మినేటర్' ఉంది చూడండి, అది అచ్చంగా ఈ కథే. జేమ్స్ కామెరన్ తీశాడు. లాస్ ఏంజిలిస్‌లో సారా కానర్ అనే మామూలు పిల్ల, హోటల్లో బల్లల దగ్గర వడ్డించే ఉద్యోగం. ఆమెకి ఇంకా పుట్టని కొడుకు ఎప్పుడో మనుషుల నాయకుడై యంత్రాల మీద యుద్ధం చేస్తాడని, ముందుగానే తల్లిని చంపడానికి 2029 నుంచి ఓ యంత్రం మనిషి రూపంలో దిగుతుంది. టెలిఫోన్ డైరెక్టరీ తీసి, సారా కానర్ అన్న పేరున్న వాళ్ళందర్నీ వరసగా చంపుకుంటూ వస్తుంది. సుమతిలాగే సారా కూడా మొదట్లో భయపడటమూ, పరుగెత్తటమూ తప్ప ఏమీ చెయ్యదు. తన గొప్ప ఏమిటో తనకే నమ్మకం ఉండదు. బ్యాంకులో చెక్కు కూడా సరిగ్గా లెక్క చూసుకోలేని నేను, యోధుడి తల్లినా అన్న ధోరణి. ఆ మాటతోనే ఆమె మన మనిషైపోతుంది. చివరికి యంత్రాన్ని యంత్రంలోనే నలిపేసి మీట నొక్కేది ఆమే.

ఆ తరవాత ఓ చిన్న దృశ్యం ఉంది. సారా కడుపుతో ఒంటరిగా జీపు నడుపుకుంటూ మెక్సికో దారి పట్టింది. పక్కన టేపు రికార్డరు. పుట్టబోయే కొడుక్కి చెప్పవలసినవన్నీ మాట్లాడి దాంట్లో పెడుతుంది. నీ తండ్రి ఎవరో నీకు చెప్పాలా వద్దా, చెబితే ఏమవుతుందో అని తటపటాయిస్తుంది. ఒక్క తుపాకీ పేలదు. అయినా ఆ సినిమా మొత్తంలో నాకు గుర్తుండిపోయింది అదే. కడుపులో ఉన్నవాడితో మాట్లాడని తల్లి ఎవరండీ ఈ లోకంలో? గిన్నెలు తోముకుంటూ మాట్లాడతాం, బస్సులో కిటికీ పక్కన కూర్చుని మాట్లాడతాం. ఆ సినిమా రాసినవాళ్ళకి ఆ సంగతి తెలుసు. రచనలో కామెరన్‌తో పాటు గేల్ ఆన్ హర్డ్ అనే ఆవిడ పేరు ఉంది, నిర్మాత కూడా ఆవిడే. ఆడవాళ్ళు చెయ్యి పెడితే ప్రతి సినిమా బాగుపడుతుందని నేను పూచీ ఇవ్వను. ఇందులో మటుకు ఆ చెయ్యి కనిపిస్తుంది.

1991లో దీనికి రెండో భాగం వచ్చింది. ఇప్పుడు సారా పిచ్చాసుపత్రిలో బందీ. పదేళ్ళ కొడుకు ప్రాణాలకి తెగించి వచ్చి విడిపిస్తాడు. కారులో తల్లి వాణ్ణి దగ్గరికి లాక్కుంటుంది. వాడు మురిసిపోతాడు. ఆవిడ చేస్తున్నదేమిటంటే, ఎక్కడన్నా దెబ్బ తగిలిందా అని ఒళ్ళంతా తడిమి చూడటం! ఏమీ తగల్లేదని తేలాక, నీకెవరు రమ్మన్నారు, నీకేమన్నా అయితే ఎలా అని చీవాట్లు. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. జ్వరంతో బడినుంచి ఒంటరిగా నడిచొచ్చిన పిల్లవాణ్ణి మనం ఎలా పలకరిస్తామో గుర్తు తెచ్చుకోండి. నుదుటి మీద ఓ చెయ్యి, నోట్లో తిట్టు. ఆ పిల్లవాడికి కాపలా వచ్చిన యంత్రాన్ని చూసి సారా మరో చోట అనుకుంటుంది: ఇది తాగి రాదు, వాణ్ణి కొట్టదు, పనుందని తప్పించుకోదు, వాణ్ణి వదిలి ఎక్కడికీ పోదు, ఇన్నాళ్ళూ తండ్రిలా ఉంటామని వచ్చిన వాళ్ళందరిలోకీ ఇదొక్కటే పనికొచ్చిందని. ఇంత నవ్వూ ఇంత చేదూ కలిపిన మాట ఈ తరహా సినిమాల్లో నేనింకెక్కడా వినలేదు.

'ఏలియన్స్' 1986లోది, అదీ కామెరన్‌దే. 57 ఏళ్ళు అంతరిక్షంలో నిద్రపోయి లేచిన రిప్లీ, అనాథ పిల్ల న్యూట్ కోసం ఒంటరిగా ఆ రాక్షసి పురుగుల గూట్లోకి దిగుతుంది. చివరి పోరాటం ఇద్దరు తల్లుల మధ్య. ఆ పురుగుల రాణి కూడా తన గుడ్ల కోసమేగా కొట్లాడేది! రాత్రిపూట చూడకండి, అన్నం సయించదు.

జార్జ్ మిల్లర్ 'మ్యాడ్ మాక్స్: ఫ్యూరీ రోడ్' 2015లో వచ్చింది. కంటికి రెప్ప వేసే తీరిక ఇవ్వదు. ఇందులోనూ ఓ ముసలి దుర్మార్గుడు పిల్లల్ని కనడానికని కొందరు ఆడవాళ్ళని తాళం వేసి పెట్టుకుంటాడు. 'కల్కి'లో కాంప్లెక్స్‌కి దీనికి చుట్టరికం ఉందనిపిస్తుంది. తేడా ఏమిటంటే ఇక్కడ వాళ్ళు మేం వస్తువులం కామని గోడ మీద రాసిపెట్టి మరీ పారిపోతారు. వాళ్ళలో నెలలు నిండిన పిల్లే అందరికన్నా ముందు బండి తలుపు తెరుచుకుని బయటికొచ్చి, నిండు కడుపుతో గుండుకి అడ్డం నిలబడుతుంది. ఆ పరుగునంతా కోసి కుట్టిన ఎడిటరు మార్గరెట్ సిక్సెల్, దర్శకుడి భార్య. దానికి ఆమెకి ఆస్కారు వచ్చింది. వందల గంటల ఫిల్ములోంచి రెండు గంటలు ఏరడమంటే, బియ్యంలో రాళ్ళు ఏరిన చేతులకి తెలియాలి ఆ ఓపిక.

మన తెలుగులో తల్లికి మాటలు రాయడం రాక కాదు. 2022లో వచ్చిన 'ఒకే ఒక జీవితం' చూడండి. చచ్చిపోయిన అమ్మని దక్కించుకుందామని శర్వానంద్ కాలయంత్రమెక్కి 1998కి వెళతాడు. ఆ అమ్మ అమల. కొడుకు ఎదురుగా అపరిచితుడిలా నిలబడి ఉంటే, ఆవిడ ముఖంలో కలిగే ఆ చిన్న అయోమయం చాలు, ఏ గ్రాఫిక్సూ అక్కర్లేదు. అంతకు చాలా ముందే సింగీతం శ్రీనివాసరావుగారు 'ఆదిత్య 369'లో మనల్ని రాయలవారి కాలానికీ, 2504కీ తిప్పి తెచ్చారు. అదీ 1991లోనే, సారా కొడుకుని తిట్టిన ఏడాదే. 2025లో మళ్ళీ థియేటర్లలో వేశారు. అందులో మోహిని వేసిన హేమ వీరవనిత ఏం కాదు, కానీ యంత్రమెక్కినందుకు ఆశ్చర్యపడటం, భయపడటం, విసుక్కోవడం ఆమెకి తెలుసు. మనిషిలా ఉంటుంది. ఆ సింగీతం గారే 'కల్కి'కి సలహాదారుగా ఉన్నారు. ఈ ఒక్క సలహా ఎవరూ అడగలేదు కాబోలు.

'కల్కి'కి రెండో భాగం ఉంటుందన్నారు. అందులో దీపిక ఉండబోదని 2025 సెప్టెంబరులో నిర్మాతలు ప్రకటించారు. అభిమానులు ఎవరి పక్షాన వాళ్ళు చేరి పోట్లాడుకున్నారు. నాకు ఆ తగవుతో పనిలేదు. ఆ వేషం ఎవరు వేసినా, పురుడు రావలసింది ఆ భాగంలోనే కదా. నొప్పులు మొదలైన రాత్రి గుమ్మంలో అశ్వత్థామ కాపలా ఉంటాడు. లోపల ఆ పిల్ల వాణ్ణి ఒక్కసారి పిలిచి, ఉత్తర సంగతి అడగాలి. వాడు నుదుటి మీది గాయం తడుముకుంటూ ఏం జవాబు చెబుతాడో వినడానికి నేను టిక్కెట్టు కొనుక్కుని వెళతాను.