వేలికి తెలిసే గీత

చేతులు లేని చిత్రకారుడి గురించి మన పేపర్లలో వార్త వస్తే, కుంచె నోటితో పట్టాడా, కాలి వేళ్లతో పట్టాడా అన్నది తప్పకుండా ఉంటుంది. ఏం గీశాడన్నది ఆఖరి పేరాలో దొరికితే అదృష్టం. బొమ్మను వదిలేసి మనిషికి దండం పెట్టి వచ్చేస్తాం. చిత్రకారుడు బినోద్ బిహారీ ముఖర్జీ దగ్గర ఆ పప్పులుడకవు.

ఆయనకు పుట్టుకతోనే ఒక కంటికి చూపు లేదు, రెండోదానికి దూరం ఆనదు. 1919లో శాంతినికేతన్ కళాభవన్‌లో నందలాల్ బోస్‌కు శిష్యుడయ్యాడు, తర్వాత అక్కడే మాస్టారయ్యాడు. సినిమా దర్శకుడు సత్యజిత్ రాయ్, చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే.

1946-47లో శాంతినికేతన్‌లోనే హిందీభవన్ గోడల మీద భక్తుల్ని గీశాడు. రామానుజులు, కబీరు, తులసీదాసు, చూపులేనివాడిగా లోకం చెప్పుకునే సూరదాసు. అది ఫ్రెస్కో, అంటే తడి సున్నం మీద రంగు వెయ్యడం. పూత ఆరేలోపు పని తెమలాలి, ఆరాక దిద్దుకోవడం కుదరదు. అందుకే చాలామంది ముందు కాగితం మీద గోడంత నమూనా గీసుకుని గోడ మీదికి దించుకుంటారు. ఈయన అదేమీ లేకుండా నేరుగా గోడ మీదే గీశాడు. నాలుగడుగులు వెనక్కి వేసి మొత్తం ఎలా వచ్చిందో చూసుకుందామంటే ఆ కంటికి ఆనదు కదా. ఆ బొమ్మలో జనం ఏరు పారినట్టు సాగుతూనే ఉంటారు. ఒకచోట నిలబడి చూస్తే సరిపోదు, గోడ వెంట నడవాలి. దగ్గరిది మాత్రమే ఆనే కన్ను వల్లే అది అలా వచ్చిందని నా అనుమానం.

1956లో కంటి ఆపరేషన్ వికటించి ఆ కాస్త చూపూ పోయింది. ఆ తర్వాత గీతలు గీశాడు, మైనంతో బొమ్మలు చేశాడు. నాకు మాత్రం ఆయన రంగుకాగితాల కత్తిరింపులంటే ప్రాణం. ఈ మాట అనగానే ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్ పేరెత్తేవాళ్లుంటారు. 1941 ఆపరేషన్ తర్వాత మతీస్ కూడా చక్రాల కుర్చీలో కూర్చుని కత్తెర పట్టినవాడే, నిజమే. కానీ ఆయన ముక్కల్ని కళ్లారా చూసుకుంటూ గోడ మీద అటూ ఇటూ జరిపించేవాడు. బినోద్ బాబుకు ఆ వీలు లేదు.

మరెలా చేసి ఉంటాడు? పాత క్యాలెండర్ కాగితం తీసుకుని కళ్లు మూసుకుని కత్తిరించి చూశాను. కుడిచేతిలో కత్తెర పెద్దగా కదలదు. కాగితాన్ని తిప్పేది ఎడమచెయ్యి, వంపు తెలిసేది దానికే. పెన్సిల్ గీతను వేలితో తడిమితే ఏమీ తెలియదు. కత్తిరించిన అంచు తెలుస్తుంది. ఒక ముక్క మీద ఇంకో ముక్క అంటిస్తే ఆ మందమూ తెలుస్తుంది. అంటే తను చేసిన గీతను తనే మళ్లీ చదువుకోగలడు. రంగు మాత్రం పక్కనున్నవాళ్లు చెప్పాలి, ఆ పైన జ్ఞాపకం చూసుకుంటుంది. నాకొచ్చింది వంకర గుమ్మడికాయ, అది వేరే సంగతి.

1972లో కళాభవన్ గోడకు పింగాణీ పలకలతో పెద్ద కుడ్యచిత్రం చేశాడు. అదే ఏడు రాయ్ తన మాస్టారి మీద తీసిన డాక్యుమెంటరీ 'ది ఇన్నర్ ఐ'లో ఆ పని కనిపిస్తుంది. పలకల మీద తిరిగే ఆ వేళ్లలో తడబాటు వెతికాను, దొరకలేదు.

నా బాధల్లా ఒకటే. తడిమి తడిమి చేసిన ఆ కాగితాలు ఇప్పుడు అద్దాల వెనక ఉంటాయి. పాతబడిన కాగితం, తప్పదు. చూపులేని మనిషి వస్తే పక్కవాళ్లు వర్ణించి చెప్పాల్సిందే. ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో 'అనుభవ్' పేరుతో అక్కడి కళాఖండాల నకళ్లను తాకి చూసే గ్యాలరీ పెట్టారు. బినోద్ బాబు కత్తిరింపు ఒకదానికి అలాంటి నకలు చెయ్యాలంటే కావలసింది రంగుకాగితాలు, జిగురు, ఒక కత్తెర. టెండర్లు పిలవాల్సినంత ఖర్చేం కాదు.