అడుగుల లెక్కకు అందని జత

మార్గశిరం వచ్చి వరికోతలు ఒక కొలిక్కి వచ్చేసరికి గద్వాల నడిగడ్డలోనూ, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఊళ్లలోనూ ఒకటే చర్చ మొదలవుతుంది. ఈ ఏడు బండలాగుడులో ఎవరి జత ముందుంటుంది? మల్దకల్ తిమ్మప్ప బ్రహ్మోత్సవాల నాటికి ఊపందుకునే ఈ పోటీలు అయిజ తిక్క వీరేశ్వరస్వామి ఉత్సవాలు, సంక్రాంతి, శివరాత్రి, ఉగాది జాతరల మీదుగా ఎండలు ముదిరేదాకా సాగుతాయి. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డకు ఒకవైపు కర్నూలు, ఇంకోవైపు రాయచూరు కూతవేటు దూరమే కాబట్టి మూడు రాష్ట్రాల ఎడ్లూ ఇక్కడ తలపడతాయి. పోటీలకు ముందు పెబ్బేరు శనివారం సంతలో, చాయ్ హోటళ్ల ముందు, ఫోన్లలో వీడియోలు చూపించుకుంటూ సాగే పోలికలన్నీ ఒక్క అంకె చుట్టూ తిరుగుతాయి. ఫలానా జత పోయినేడు ఎన్ని అడుగులు లాగింది? అడుగులు ఎక్కువైతే ఆ జత గొప్పది, దానికే ధర. ఆ అంకెను కొట్టిపారేయలేం కానీ అది ఒక్కటే పట్టుకుని జతల్ని తూచడం తప్పు, ఆ తప్పుకు రేపు మూల్యం చెల్లించేది పశువుల జాతి. ఏ కొలతతో ఎడ్లను మెచ్చుకుంటామో అలాంటి ఎడ్లనే పెంచుతాం, కొంటాం, వాటి సంతతినే నిలుపుకుంటాం. కొలత పొరపాటైతే నాలుగైదు తరాల్లో ఎద్దే మారిపోతుంది.

ఆట చూడటానికి తేలిక. కాడి కింద రెండు ఎడ్లు, వెనక గొలుసు, గొలుసుకు రాతి దూలం. కొలిచి గీతలు గీసిన బరి. ఇచ్చిన సమయంలో ఈ గీత నుంచి ఆ గీతకు, ఆ గీత నుంచి ఈ గీతకు ఎన్నిసార్లు లాగితే అన్ని రౌండ్లు. గడువు ముగిసినప్పుడు బండ ఎక్కడుంటే అక్కడికి టేపు పట్టి అంగుళాలతో సహా లెక్క రాస్తారు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన న్యూ కేటగిరీ, సీనియర్స్ అని విభాగాలు. విభాగం పెరిగేకొద్దీ బండ బరువు పెరుగుతుంది. మైకులో ‘ఒంగోలు జాతి వృషభరాజములు’ అని పిలుపు, తర్వాత యజమాని పేరు, ఊరు పేరు. ఇంత సూటిగా కొలిచే ఆటలో తగాదాకు చోటెక్కడ అనిపిస్తుంది.

చోటు బరి పొడవులోనే ఉంది. రెండు జాతరల్లో రెండు జతలు ఒకే బరువు బండను ఇరవై నిమిషాల్లో సరిగ్గా 3,000 అడుగులు లాగాయనుకుందాం. ఒక బరి పొడవు 200 అడుగులు, రెండోది 300. మొదటి జత పదిహేను రౌండ్లు తిరిగింది, అంటే పద్నాలుగు మలుపులు. రెండోది పది రౌండ్లు, తొమ్మిది మలుపులు. గీత దాటిన ప్రతిసారీ ఎడ్లను వెనక్కి మళ్లించాలి, నిలిచిపోయిన బండను మళ్లీ పెకలించాలి. మలుపుకు పదిహేను సెకన్లు పోయినా ఐదు మలుపులకు నిమిషంపావు చేతిలోంచి జారినట్టే. సమయం కంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. కదులుతున్న బండను కదిలిస్తూ ఉండటానికి పట్టే బలం వేరు, ఆగిన బండను కదిలించడానికి పట్టే బలం వేరు. రెండోది ఎప్పుడూ ఎక్కువే. ఆ మొదటి కుదుపులో ఎడ్ల ఊపిరి బాగా ఖర్చవుతుంది. కాబట్టి కాగితం మీద సమానంగా కనిపించే ఈ రెండు జతల్లో మొదటిది చేసిన పని చాలా పెద్దది. దీనికి నేల తేడా తోడవుతుంది. వనపర్తి వైపు గరుసు కలిసిన ఎర్రనేల రాయిని ఒకలా పట్టుకుంటుంది, అలంపూర్ వైపు రేగడిలో కాస్త తడి మిగిలితే ఇంకోలా. చీటీలో వచ్చిన వరుస కూడా లెక్కలోకి రావాలి. పొద్దున చల్లపూట లాగిన జతకూ ఎండ నెత్తికెక్కాక లాగిన జతకూ, అంతకుముందు పది జతలు తొక్కిన బాట మీద లాగిన జతకూ అడుగులు ఒకే తీరున పలకవు. పత్రికల్లో మరునాడు వచ్చే రెండు వాక్యాల వార్తలో ఇవేవీ ఉండవు, అడుగులూ బహుమతీ తప్ప.

అంకె చెప్పని అసలు సంగతి కాడి కింద ఉంటుంది. మనం పోలుస్తున్నది ఎద్దుల్ని కాదు, జతల్ని. ఎలపటి ఎద్దు ఎంత బలమైనదైనా దాపటిది దాని అడుగుకు అడుగు కలపకపోతే కాడి వంకర తిరుగుతుంది. అలా తిరిగిన కాడి మెడను ఒరుస్తుంది, గొలుసు పక్కకు లాగుతుంది, బండ ముక్కు బాట తప్పుతుంది. నాగలి దున్నే రైతుకు ఈ లెక్క పుట్టుకతో తెలుసు. జతలో ఒకటి బలహీనమైతే కాడి మీద కట్టును నడిమి నుంచి కాస్త బలమైన ఎద్దు వైపు జరుపుతాడు. బలహీనమైన దానివైపు కాడి పొడుగై, దాని మీద భారం తగ్గుతుంది. తరాజు సూత్రమే. పోటీలో బండ కదలబోయే క్షణాన్ని దగ్గరగా గమనిస్తే ఈ పొందిక కళ్లకు కడుతుంది. గొలుసు వదులుగా నేలమీద ఉంటుంది. తోలేవాడి కేక పడగానే మంచి జత రెండు మెడలనూ ఒకేసారి దించి, కాడిని మూపురం ముందుకు రానిచ్చి, గొలుసు బిగిసేదాకా తొందరపడదు. బిగిశాక వెనక కాళ్ల గిట్టలు విచ్చుకుని నేలను కరుస్తాయి, తొడల కండ ఒక్కసారి రాయిలా గట్టిపడుతుంది, నడుము కిందికి దిగుతుంది. అప్పుడు బండ కుదుపు లేకుండా కదులుతుంది. పొందిక లేని జతలో ఒకటి ముందు దూకుతుంది, దాని బలమంతా గొలుసు చప్పుడులో పోతుంది, రెండోది ఆలస్యంగా అందుకునే సరికి మొదటిది వెనక్కి తగ్గుతుంది. ఇలాంటి జత కూడా మొదటి ఐదు నిమిషాల్లో అడుగులు దండిగా తేగలదు. చూసేవాళ్లు ఈలలు వేసేది ఆ ఐదు నిమిషాలకే.

అందుకే జతల్ని పోల్చాల్సింది రెండో సగంలో అంటాను. సగం గడువుకు ఎన్ని అడుగులు, మిగతా సగంలో ఎన్ని అన్నది విడివిడిగా రాస్తే జత గుణం బయటపడుతుంది. మొదటి సగంలో 1,900, రెండో సగంలో 1,100 లాగిన జతా, 1,550, 1,450 లాగిన జతా మొత్తంలో సమానమే. నేనైతే రెండో జత ముందు నిలబడతాను. దాని మేత, సాధన, తోలిన తీరు మూడూ సరిగ్గా ఉన్నాయని ఆ రెండు అంకెలు చెబుతాయి. ఎద్దుకు దమ్ము ఒక్కనాడు రాదు. ఉడికించిన ఉలవలతో వస్తుంది, నెలల తరబడి తెల్లవారుజామున తేలిక బండతో మొదలుపెట్టి మెల్లగా బరువు పెంచిన సాధనతో వస్తుంది, చెరువులో ఈదించిన ఈతతో వస్తుంది. రెండో సగంలో ఎద్దు నాలుక బయటపెట్టిందా, నోట నురగ ఎప్పుడు మొదలైంది, మలుపు దగ్గర తానే తిరిగిందా లేక నలుగురు మెడ తోస్తే తిరిగిందా, కొడితే కదిలిందా పిలిస్తే కదిలిందా అన్నవి అనుభవమున్న కళ్లు ఇప్పటికీ చూస్తాయి. కానీ ఆ చూపు చూసినవాళ్లతోనే పోతుంది, రాతలోకి ఎక్కదు.

దీనికొక గట్టి అభ్యంతరం ఉంది. అంకె పక్షపాతం చూపదు, కన్ను చూపుతుంది. పొందిక, గుణం అంటూ మొదలుపెడితే ప్రతివాడూ తన ఊరి జతకే గుణం ఉందంటాడు, పెద్దమనుషుల జతకు మార్కులు పడతాయి, చివరికి తగవులు. ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు. టేపు వచ్చాకే చిన్నరైతు జత పెద్దింటి జతను ఓడించినప్పుడు ఎవరూ నోరెత్తలేని స్థితి వచ్చింది. అందుకే నేను టేపును పక్కన పెట్టమనడం లేదు, టేపుకు ఇంకాస్త పని చెప్పమంటున్నాను. బరి పొడవు, బండ బరువు, నేల తీరు, లాగిన గంట, మలుపుల సంఖ్య, సగం గడువు అడుగులు: వీటిలో చాలావరకు టేపూ గడియారమూ చెప్పగలిగినవే. స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలో కూడా ఎద్దులతో బండ లాగించే పోటీలున్నాయి, ‘ఇదీ ప్రోబాక్’ అంటారు. వాళ్లు అందుకోసం రాళ్లు పరిచి కట్టిన స్థలంలోనే లాగిస్తారు, ఆ చివర నుంచి ఈ చివరకు ఎన్ని సార్లన్నదే లెక్క. నేల ఎప్పుడూ అదే కావడంతో ఒక ఏటి జతను మరో ఏటి జతతో పోల్చడానికి ఆధారం దొరుకుతుంది. మన జాతర బరులు ఏటేటా మారతాయి, రాళ్లు పరచనక్కర్లేదు. మారినదాన్ని రాసి పెట్టుకుంటే చాలు.

ఇంతకంటే బరువైన అభ్యంతరం హింస గురించి. దాన్ని ఆచారం పేరు చెప్పి దాటేయడం నాకు సమ్మతం కాదు. లెక్క వేసి చూద్దాం. బండ పదిహేను క్వింటాళ్లు, రాపిడి దాని బరువులో మూడోవంతే అనుకున్నా జత లాగాల్సింది ఐదు క్వింటాళ్ల బలం. ఎద్దు ఆరు క్వింటాళ్లు తూగితే జత పన్నెండు. పొలం పనిలో గంటల తరబడి అలసట లేకుండా లాగగలిగేది ఒంటి బరువులో సుమారు పదోవంతు, అంటే నూట ఇరవై కిలోలు. పోటీలో అడుగుతున్నది దానికి నాలుగు రెట్లు. కాసేపే కదా అనేది సగం జవాబే. నాలుగు రెట్ల భారం ఎంతసేపు, ఏ ఎండలో, ఏ దెబ్బల కింద అన్నదే ప్రశ్న. 1960 నాటి జంతు క్రూరత్వ నిరోధక చట్టం ఆధారంగా సుప్రీంకోర్టు 2014 మే 7న జల్లికట్టును, ఎడ్లబండ్ల పందేలను ఆపింది. 2023 మే 18న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ చట్టానికి తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న సవరణల్ని నిలబెట్టింది. ఆ రాష్ట్రాలు తమ ఆటలకు రాతపూర్వక నియమాలు పెట్టుకున్నాయన్నది అందులో గమనించాల్సిన విషయం. బండలాగుడుకూ అవి కావాలి: ముల్లుగర్ర, చర్నాకోల బరిలోకి రాకూడదు, కొట్టిన ప్రతి దెబ్బకూ అడుగులు కోయాలి, ఎండ పొద్దులో ఆపాలి, బరి పక్కన పశువైద్యుడు ఉండాలి, పాలపళ్ల కోడెలకు గడువు బాగా తగ్గించాలి. అడుగులే సర్వస్వమైనంత కాలం కొట్టేవాడికి లాభం. సగం గడువు లెక్క, దెబ్బల కోత వచ్చిన రోజు కొట్టి లాగించిన జత ధర సంతలో పడిపోతుంది. పశువుపై దయ లేనివాడు కూడా ధర కోసమైనా చెయ్యి దించుతాడు.

ట్రాక్టరు రోజుల్లో ఈ ఎడ్లు ఎందుకు, డబ్బున్నవాళ్ల సరదా కాదా అనే మాట కూడా వినిపిస్తుంది. డబ్బు మాట నిజం. పేరున్న జతలు లక్షల్లో పలుకుతాయి, వాటి మేత ఖర్చు ఒక కుటుంబం తిండి ఖర్చును మించుతుంది. అయినా లెక్కలు ఇంకో వైపు చూపిస్తున్నాయి. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఆవుజాతి పశువులు సుమారు 19.2 కోట్లు, అందులో ఆడవి 14.5 కోట్లు. అంటే మగవి ఐదు కోట్ల లోపే. పాలిచ్చేదాన్ని ఉంచుకుని కోడెను వదిలించుకుంటున్నామని ఇంతకంటే స్పష్టంగా చెప్పే అంకె లేదు. కోడెను ఇష్టంగా, ఖర్చు పెట్టి, దాని వంశం అడిగి మరీ పెంచుతున్న చోట్లు కొన్నే మిగిలాయి, బండలాగుడు వాటిలో ఒకటి. కొలత జాతిని ఎలా మారుస్తుందో చూడాలంటే బ్రెజిల్ వైపు చూడాలి. పంతొమ్మిదో శతాబ్దం నుంచి మన తీరం ఒంగోలు పశువులు అక్కడికి చేరాయి. నెల్లూరు పేరుతోనే నెలోర్ జాతి అయ్యాయి, నేడు ఆ దేశపు మాంసం మందల్లో అధిక భాగం అవే. అక్కడివాళ్లు తరతరాలుగా ఒంటి బరువు, మాంసం చూసి ఎంచుకున్నారు. మూపురం, తెల్లని ఒళ్లు, గంగడోలు మిగిలాయి, కాడి పని గుణం ఎవరూ అడగలేదు. అదే రక్తాన్ని ఇక్కడ మొదటి ఐదు నిమిషాల దూకుడు చూసి ఎంచుకుంటూ పోతే మనకు మిగిలేది బరువైన, కోపిష్టి, త్వరగా అలిసే ఎద్దు. మలుపు, ఓపిక, జతలో ఒదిగే గుణం చూసి ఎంచుకుంటే పని తెలిసిన ఎద్దు మిగులుతుంది.

ఈ దృష్టితో చూస్తే రాబోయే జాతరల్లో అన్నిటికంటే జాగ్రత్తగా పోల్చాల్సింది పేరుమోసిన సీనియర్స్ జతల్ని కాదు, పన్ను మారుతున్న జతల్ని. పశువుకు కింది దవడ ముందు పళ్లు ఎనిమిది. రెండు రెండు చొప్పున, నడిమి నుంచి పక్కలకు, పాలపళ్లు ఊడి శాశ్వత దంతాలు వస్తాయి. రెండు రెండున్నరేళ్ల వయసులో మొదలై ఐదేళ్లకు అటూ ఇటూ పూర్తవుతాయి. సంక్రాంతికి రెండు పళ్లలో లాగిన జత ఉగాది నాటికి నాలుగు పళ్లలోకి ఎక్కవచ్చు. బండ బరువెక్కుతుంది కాబట్టి పాత అడుగులు దేనికీ పనికిరావు. జతలో ఒకదానికి పన్ను ముందు పడి రెండోదానికి ఆలస్యమైతే యజమానికి చిక్కు ఇంకా పెద్దది: చిన్నదాన్ని పెద్ద బండ కిందికి తేవాలా, రెండేళ్లు కలిసి నడిచిన జతను విడదీసి కొత్త జోడు వెతకాలా. విడదీస్తే అడుగులు పెరగవచ్చు, పొందిక మాత్రం మళ్లీ మొదటికి వస్తుంది. విభాగం మారిన తొలి పోటీలో అలాంటి జత ఎన్ని అడుగులు లాగిందో అడక్కండి. నాలుగో మలుపు దగ్గర, కొత్త బరువు కింద, తోలేవాడు చెయ్యెత్తకుండా ఎన్ని సెకన్లలో బండను పెకలించిందో చూడండి.